ముప్పై ఏడో గదిలో గోడ

మా మేనత్త పోయిందని మామ ఫోన్ చేసినప్పుడు నేను నెల్లూరులో నా అంగడిలో ఎవరిదో కంప్యూటర్ విప్పి దుమ్ము ఊదుతున్నాను. "మధ్యాహ్నం అన్నం తిని పడుకునింది పాపా, లేవలేదు," అన్నాడు మామ. స్క్రూడ్రైవర్ చేతిలో పట్టుకునే అల్లూరు బస్సెక్కాను. కండక్టర్ "అది లోపల పెట్టుకో అమ్మా" అన్నాక గానీ చూసుకోలేదు.

ఆమెను ఎరిగినవాళ్ళు అల్లూరు నుంచి మనుబోలు దాకా ఉన్నారు. వాళ్ళలో చాలామందికి ఆమె ముఖం తెలియదు, గొంతు మాత్రమే తెలుసు. అల్లూరు దగ్గర రొయ్యల ప్యాకింగ్ షెడ్డులో ఆమె కంప్యూటర్ ఆపరేటర్. పెట్టెల మీద అంటించే లేబుళ్ళు కొట్టడం ఉద్యోగం. ఆ కంప్యూటర్‌లో ఎవరు ఎక్కించారో గానీ ఒక పాత ఆట ఉండేది. తెర మీద ఒక గోడౌను, అందులో ఒక చిన్న మనిషి, కొన్ని పెట్టెలు. పెట్టెల్ని తోసుకుంటూ పోయి చుక్కలున్న చోట నిలపాలి. తోయడమే, లాగడం లేదు. ఒక గది పూర్తయితేనే తర్వాతి గది తెరుచుకుంటుంది. మొత్తం అరవై గదులు.

ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు దుఃఖం ఒక్కటే కారణం కాదు. ఆ ఆట ఆడిన మీ అందరి దగ్గరా మా అత్త మీద ఒక నింద మిగిలిపోయింది. ఆ తప్పు ఆమెది కాదు. ఎవరిదో చెప్పేదాకా నాకు ముద్ద దిగదు.

షెడ్డుకు పనిమీద వచ్చినవాళ్ళు ఆట చూసి ముచ్చటపడి, ఫ్లాపీలు తెచ్చుకుని ఎక్కించుకుపోయేవాళ్ళు. అలా అది టైపు ఇన్‌స్టిట్యూట్‌కు, మండలాఫీసుకు, మనుబోలులో ఒక ఫొటో స్టూడియోకు పాకింది. ఎవరికి ఎక్కడ ఆగిపోయినా షెడ్డుకే ఫోన్. షెడ్డు యజమాని పాపం, మేడమ్‌కు ఎన్ని ఫోన్లో అని వ్యాపారం పెరిగినట్టే సంబరపడేవాడు.

"మనిషి కదలడం లేదు మేడమ్," అనేవాడు ఒకాయన.

"కుడిపక్క నమ్ లాక్ లైటు వెలగతా ఉందా? దాన్ని ఒక్కసారి నొక్కు. నడిచినాడా? ఇంక వాడిని తిట్టబాక."

కొత్త కంప్యూటర్ కొన్న ఇంకొకాయనకు ఆ మనిషి ఆగకుండా పరిగెత్తేవాడు. "డబ్బా ముందర టర్బో అని బటన్ ఉంటాది, దాన్ని ఆపు. మనకేం తొందర?" అనేది. ఎడమ బాణం కీ నొక్కితే పైకి రావడం లేదన్నవాళ్ళకు మాత్రం కాస్త జాలిగా చెప్పేది. మా వైపు ఉప్పుగాలికి కీబోర్డులు తొందరగా పాడవుతాయి. ఆమె ఆదివారం ఆదివారం కీలన్నీ ఊడబెరికి, స్పిరిట్లో ముంచిన దూదితో తుడిచి, పళ్ళెంలో ఎండబెట్టేది. వడియాలనుకుని మామ ఒకసారి కాకుల్ని తోలుతూ కూర్చున్నాడు.

అందరూ ఎక్కువగా అడిగేది ఒకటే. పెట్టె మూలకు పోయి ఇరుక్కుంది, ఎలా లాగాలి?

"లాగేది లేదు నాయనా. మళ్ళీ మొదట్నుంచి పెట్టుకో. సిగ్గుపడబాక, నేనూ ఇందాకే పెట్టుకున్నా."

జవాబు మాత్రం ఎవరికీ చెప్పేది కాదు. బతిమాలినా, అలిగినా ఒక్కటే మాట: "ఆఖరి పెట్టె ఏ చుక్క మీద ఆగాల? ఆడ నిలబడి ఎనక్కి నడువు." నా అంగడిలో ఇప్పటికీ ఏ సిస్టం ఆన్ కాకపోయినా నేను చేసేది ఆ వెనక్కి నడవడమే. ఆమె పెట్టిన భిక్ష అది.

ఇక నా సంగతి. అప్పుడు నాకు పదకొండేళ్ళు. ఎండాకాలం సెలవులకు అత్త దగ్గర ఉన్నాను. అప్పటికి ఆమె ముప్పై ఆరో గదిలో ఉంది, నేను ఇరవై తొమ్మిదిలో ఇరుక్కుని మూడు రోజులైంది. చెప్పమంటే ఎనక్కి నడవమంటుంది. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, ఇప్పటికీ అంతే. ఆమె షెడ్డు లోపలికి పోయినప్పుడు ఆట ఫైలు తెరిచాను. గదులన్నీ అందులో మామూలు అక్షరాల్లాగే ఉన్నాయి, గోడ అంటే ఒక గుర్తు, దారి అంటే ఖాళీ. ముప్పై ఏడో గదిలో దారి మధ్య ఒక ఖాళీ చోట గోడ గుర్తు కొట్టి, ఫైలు మూసేశాను. ఒక్కరోజు ఏడిపించి, మళ్ళీ తీసేద్దామనే అనుకున్నాను, నమ్మండి. మర్నాడు పొద్దున్నే మా నాన్న వచ్చి, బడి తెరుస్తున్నారని బస్సెక్కించేశాడు. ఆ వారమే ఏదో వైరస్ తగిలి అందరి దగ్గరా ఆట పోతే, అత్త మళ్ళీ ఫ్లాపీల్లో అందరికీ ఎక్కించి ఇచ్చింది.

ఆ తర్వాత ఈ చుట్టుపక్కల ఎవరూ ముప్పై ఎనిమిదో గది మొహం చూడలేదు.

మరుసటి ఎండాకాలం షెడ్డుకు పోయేసరికి రొయ్యలు ఏరే ఆడవాళ్ళు, పని లేని ఒక గంటలో, తడి నేల మీద ప్లాస్టిక్ ట్రేలు పరిచి ముప్పై ఏడో గది కట్టేశారు. రోజంతా ట్రేలు తోసేవాళ్ళు కదా, వాళ్ళకు అది ఆటలాగే లేదు. అత్త కొంగు దోపుకుని మధ్యలో నిలబడి తోస్తోంది. ఇటునుంచి ఒకటి, అటునుంచి ఒకటి. ఎంతకీ కుదరదు. ఆఖరికి వాళ్ళలో పెద్దామె నడుం మీద చేతులు పెట్టుకుని తేల్చేసింది.

"ఈ గోడ ఉంటే కాదమ్మా. తలుపుకు అడ్డంగా గోడెవురన్నా కడతారా? ఎవురో తిక్కలోళ్ళు కట్టినారు దీన్ని."

"కట్టినోళ్ళకు తెలీదా? మనకే దారి కనపళ్ళేదు," అంది అత్త.

నేను గుమ్మంలో నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాను. అప్పుడు చెప్పి ఉంటే రెండు దెబ్బలతో పోయేది. చెప్పలేదు. ఏళ్ళు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. ఇంటర్నెట్ వచ్చాక స్టూడియో ఆయన ఫోన్ చేసి, "నెట్‌లో జవాబు చూసి అట్టే కొడతన్నా మేడమ్, నడిమధ్యలో గోడ తగలతా ఉంది," అన్నాడట. "నెట్‌లో అన్నీ నిజాలు రాస్తారా?" అని ఆయన్నే కసిరింది. షెడ్డు మూసేశాక ఆ కంప్యూటర్‌ను ఇంటికి తెచ్చుకుని, రోజూ వంటయ్యాక ఒక గంట ముప్పై ఏడు ముందు కూర్చునేది. ఊళ్ళో పిల్లలు చాటుగా ముప్పై ఏడు మేడమ్ అనేవాళ్ళు. నేను విననట్టు నటించేదాన్ని.

పోయిన ఏడాది ఆ పాత సిస్టం పూర్తిగా చచ్చిపోయింది. ఆటను కొత్తదాంట్లో పెట్టడానికి పోయి, ఫైలు తెరిస్తే నా గోడ అక్కడే ఉంది. గుట్టుగా తీసేయవచ్చు. కానీ ఆ గదిని ఆమె తన వంటింటికన్నా బాగా ఎరుగును, ఒక్క చూపులో పట్టేస్తుంది. చెప్పేశాను.

అత్త కళ్ళద్దాలు తీసింది.

"ఎన్నేండ్లే అప్పుడు నీకు?"

"పదకొండు."

"పదకొండేండ్ల పిల్ల కట్టిన గోడను ఇన్నేండ్లూ తోసినానా నేను!" అని మొదలుపెట్టి, పెరట్లో ఉన్న మామ పరిగెత్తుకొచ్చేదాకా నవ్వింది. ఆయనకు చెప్పబోయి మళ్ళీ నవ్వింది. నేను మాత్రం ఏడ్చాను.

తర్వాత కళ్ళు తుడుచుకుని, "అయితే ఇంకా ఇరవై మూడు ఉండాయా నాకు!" అంది. ఆ ఆశ చూసి నాకు ఇంకా సిగ్గేసింది.

అందరికీ నిజం చెప్తానంటే ఒప్పుకోలేదు. "నోరు మూసుకో. నేనే పొరపాటున ఏందో నొక్కినానని చెప్తా. ఫైలు చెడగొట్టింది నువ్వని తెలిస్తే నీ అంగడికి ఎవురన్నా సిస్టం తెస్తారా?" ఫోన్ తీసుకుని, మిగిలినవాళ్ళందరికీ వరసగా చేసి, వేలు జారిందని చెప్పి తిట్లు తిన్నది. ఒకాయన నిజంగానే నొచ్చుకున్నాడు. ఆయనకు రెండుసార్లు చేసింది.

కర్మ రోజున స్టూడియో ఆయన మనుబోలు నుంచి వచ్చాడు. ఫొటోకు దండం పెట్టి, కళ్ళనీళ్ళతో నవ్వుతూ, "మీ అత్త వేలు జారి మా అందరి వయసూ ముప్పై ఏడు దగ్గరే ఆగిపోయింది తల్లీ," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. షెడ్డు గుమ్మంలో ఒకసారి నోరు మూసుకున్నదాన్ని, మళ్ళీ మూసుకున్నాను. ఇంటికొచ్చాక నా మీద నాకే అసహ్యమేసింది.

అందుకే రాస్తున్నాను. ఆ గోడ కట్టింది నేను. ఆమె వేలు ఎప్పుడూ జారలేదు. అంగడికి రాదలచుకున్నవాళ్ళు రండి, లేకపోతే మానండి. అత్తా, నీ మాట తప్పాను, ఏమనుకోబాక.

పోయేలోపు ఆమె యాభై ఒకటో గది దాకా వెళ్ళింది. కానీ నాకు పదేపదే గుర్తొచ్చేది నేను ఒప్పుకున్న ఆ మధ్యాహ్నమే. గోడ గుర్తు మీదికి నేను కర్సర్‌ను తీసుకెళ్తే, స్పేస్ బార్ తానే నొక్కింది. ముప్పై ఏడు కాఫీ చల్లారేలోపు అయిపోయింది. ముప్పై ఎనిమిది తెరుచుకుంది. ఆమె అరవలేదు, చప్పట్లు కొట్టలేదు. కుర్చీ ముందుకు లాక్కుని, "నువ్వింక పో, అంగడి చూసుకో," అంది.

చెప్పులేసుకుంటుంటే తల తిప్పకుండానే పిలిచింది.

"పాపా, దీంట్లో గోడలన్నీ వాళ్ళు కట్టినవే గదా?"

"వాళ్ళవే అత్తా."

"అయితే ఏదో ఒక దారి ఉంటాది," అని ఒక కాలు మడిచి కుర్చీలో పెట్టుకుంది. ఒక చేత్తో నన్ను పొమ్మని ఊపుతూ, ఇంకో చేతి వేలిని తెర మీద ఆనించి, ఎప్పుడూ చూడని ఆ పెట్టెల్ని ఒకటీ రెండూ అని పైకే లెక్కపెట్టుకుంటోంది.