పదో పేరు

పెన్‌పహాడ్ దగ్గరి ఒక ఊళ్లో నాగమణి పదకొండేళ్లుగా ఆశా వర్కరు. ఎవరికి నెలలు నిండాయో, ఎవరికి షుగరు బిళ్లలు అయిపోయాయో ఆమెకు తెలుసు. కరోనా సూదుల శిబిరం పెట్టినప్పుడల్లా వాడలో అందరి ఆధార్ జిరాక్సులు ముందే తన సంచిలో వేసుకునేది. ఫోన్ లేనివాళ్లకు తన నంబరే రాయించేది.

తప్పు కూడా అక్కడే జరిగింది. ఏప్రిల్ మొదట్లో శిబిరానికి తొమ్మిది మందే వచ్చారు. సీసాలో పది డోసులుంటాయి, పదిమంది కూడితే తప్ప తెరవకూడదు. పదోవాడు చంద్రయ్య, "వస్త తియ్" అని చెప్పి మిరప కల్లానికి పోయాడు. నాగమణి భర్త సైదయ్య సూర్యాపేటకు ఆటో నడుపుతాడు. దగ్గేవాళ్లనూ ఎక్కించుకోక తప్పదు. అతనికి నలభై మూడు. నలభై అయిదు దాటనివాళ్లకు అప్పట్లో సూది లేదు. ఆమె భర్త ముఖానికి మాస్కు కట్టి, చంద్రయ్య జిరాక్సుతో కుర్చీలో కూర్చోబెట్టింది. నర్సు పూర్ణిమ కొత్త. కంప్యూటర్ ముందున్నతను తలెత్తలేదు.

నెల తిరక్కుండానే వాడలో రెండు శవాలు లేచాయి. దవాఖానలో టెస్టు కిట్లు పొద్దున తొమ్మిదికల్లా ఖతం. ఎవరికి అంటిందో తెలియక ఒకరి గడప ఒకరు తొక్కడం మానేశారు. మందు సరిపోక రేపటి నుంచి మొదటి డోసు ఆపేస్తారని మాట పుట్టింది. ఆ రోజు చంద్రయ్య శిబిరానికి వచ్చాడు. నాగమణి సంచిలో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకుంది.

"ఈయనకు ఎప్పుడో అయిపోయింది" అన్నాడు కంప్యూటర్ అతను.

"నాకా? నిద్రల పొడిసిండ్రా ఏంది?"

వరుసలో ఎవరో నవ్వారు. "కల్లు తాగి మర్చిపోయినట్టుండు" అన్నారు ఇంకెవరో.

"నిజంగనే మర్చిపోయిండేమో. ఆరు వారాలకు వస్తది రెండోది, ఇంటికి పో తాతా" అంది పూర్ణిమ.

చంద్రయ్య తన జబ్బను తడిమి చూసుకున్నాడు. ఆయనకే అనుమానం వచ్చినట్టుంది. నాగమణి వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు బిడ్డా. నేను ఏపిచ్చుకున్ననా?"

ఊఁ అంటే చాలు, నమ్మి వెళ్లిపోతాడు. ఆ సంగతే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

"లేదు మామా. నీ కాయితం మీద మా ఆయనకు ఏపిచ్చిన."

నవ్వు ఆగిపోయింది. పూర్ణిమ చేతిలోని సిరంజి పక్కన పెట్టింది.

"నువ్వు చెప్తే సాలదు నాగమణీ. కంప్యూటర్ల ఎక్కిన ఆ పేరు జిల్లా ఆఫీసోళ్లు తీసెయ్యాలె. అప్పటిదాక ఈయనకు సూది ఇయ్యనీకి రాదు. చేసింది నీ చేత్తోనే రాసియ్యి, పంపుత. నీ ఉద్యోగం సంగతి నాకు తెల్వదు."

"ఎన్ని దినాలైతది మేడం?"

"తెల్వదు."

నాగమణి కాగితం తీసుకుంది. చంద్రయ్య మడిచిన చొక్కా చెయ్యి అట్లాగే ఉంచుకుని, ఆమెకు దూరంగా గోడవారన కూలబడ్డాడు.

"రాయి బిడ్డా. నేను గీడనే కూసుంట" అన్నాడు.