నడుమ కోయనివ్వని చెకర్ సాబ్

మా కార్యాలయంలో డ్రాయింగులు సరిచూసే పెద్దమనిషి సోమవారం తెల్లవారుజామున హుస్సేనీ ఆలంలోని తన ఇంట్లో గుండెపోటుతో మరణించారు. ఈ మరణాన్ని మేనేజరు గారు కార్యాలయ వాట్సాప్ గ్రూపులో 'తీరని లోటు' అని ధ్రువీకరించారు. నాలుగు నిమిషాల తర్వాత అదే గ్రూపులో, లోటు తీరని కారణంగా పని ఆగరాదనీ, నడక వంతెన డ్రాయింగులు గురువారంలోగా ఉక్కు కోసే షెడ్డుకు చేరాలనీ ఉత్తర్వు వెలువడింది. రెండు సందేశాలకూ సిబ్బంది చేతులు జోడించిన బొమ్మే పెట్టారు. నేనూ పెట్టాను.

పాఠకుల సౌకర్యార్థం ఆయన ఉద్యోగ వివరం. ఉక్కు కట్టడం ఏదైనా ముందు మా కంప్యూటర్లలో త్రీడీ మోడల్‌గా లేస్తుంది. అందులోని ఒక్కొక్క ఉక్కు పలకకు ఒక డ్రాయింగు వస్తుంది. డ్రాయింగు అడుగున 'చెక్ చేసినవారు' అనే గడి ఉంటుంది. ఆ గడిలో ఆయన ఎర్ర సిరాతో సంతకం పెడితేనే కంచన్‌బాగ్ అవతలి షెడ్డులో పలక మీద మంట పడేది. అందుకే ఆయన అందరికీ చెకర్ సాబ్. పాల వ్యాపారం చేసే ఇంట పుట్టి, పదో తరగతితో చదువు ఆపి, ఇరవై ఏళ్లు గ్యాస్ కటింగ్ చేసి ఆ కుర్చీలోకి వచ్చారు. నాకు ఎంటెక్ పట్టా ఉంది. గోడ మీది క్యాలెండరుకు ఇచ్చినంత గౌరవం ఆయన దానికీ ఇచ్చేవారు.

పొడవాటి పలకను మోడల్‌లో విడగొట్టడం తేలిక. పలకను ఎంచుకుని రెండు చోట్ల నొక్కితే ఒకటి రెండవుతుంది. చేరిన వారంలోనే అలా పదకొండు పలకలు విడగొట్టి ఆయనకు చూపించాను. ఆయన సొరుగులోంచి బంగారు అక్షరాల పెళ్లికార్డు ఒకటి తీశారు. పట్టీగా కోసి, ఆ పట్టీని సరిగ్గా నడుమ రెండు ముక్కలు చేసి, టేపు అంటించి, రెండు చాయ్ గ్లాసుల మీద వంతెనలా పెట్టారు.

"ఒత్తు బిడ్డా."

వేలితో ఒత్తాను. అతుకు దగ్గరే కుంగి పడింది. ఇంకో పట్టీని ఒక కొసకు దగ్గరగా కోసి అతికించారు. అది వంగింది గానీ పడలేదు.

"తెర మీద గది గీత. షెడ్డుల గది కోత. గీత చెరిపితే పోతది, కోత పోతదా? యూనివర్సిటీల కత్తెర ఇయ్యలేదా మీకు?"

"లేదు సాబ్. పట్టా ఇచ్చిన్రు."

"గది గూడ మందంగనే ఉంటది. తే, కోద్దాం."

ఆ తర్వాత ఏ పలక విడగొట్టినా ముందు ఒక పెళ్లికార్డు బలికావడం మా బల్ల దగ్గర ఆచారమైంది. నా చేతి మీదుగా పోయిన కట్టడమేదీ ఇప్పటిదాకా కుంగలేదంటే, ఆ ఘనత పాతబస్తీ పెళ్లిళ్లది.

ఆయన పోవడానికి రెండు రోజుల ముందు, శనివారం, నడక వంతెన వచ్చింది. ఒక బడికి చెందిన రెండు కట్టడాలను కలిపేది. దాని అడుగున వచ్చే ఉక్కు పలక పొడవు పన్నెండు మీటర్లు. బడి ఉన్న గల్లీలో అంత పొడుగు లారీ తిరగదు, విడగొట్టి తెచ్చి అక్కడ అతకక తప్పదు. నడుమ విడగొడితే రెండు ముక్కలూ ఒకే కొలత, కాబట్టి ఒక్క డ్రాయింగుతో పని ముగుస్తుంది. మేనేజరు గారి ఆదేశం అదే. మౌస్ నొక్కింది నేను. ఆజ్ఞాపాలనలో నాకు మంచి పేరుంది.

చెకర్ సాబ్ ఆ డ్రాయింగు మీద ఎర్రగా 'నడుమ వద్దు' అని రాసి, గడి ఖాళీగా వదిలి, మేనేజరు గారి ముందు పెట్టారు.

"రెండూ ఒకటే సైజైతే డ్రాయింగు ఒకటి సరిపోద్ది కదండీ?"

"మీ డ్రాయింగుకు సరిపోతది సార్. గంట కొట్టంగనే పోరగాండ్లంత ఒక్కపాలి ఉరుకుతరు దాని మీద. నడుమనే మస్తు గుంజుతది. గక్కడనే అతుకు పెడ్తరా? మూడోవంతు కాడ కొయ్యుండ్రి. పెద్ద ముక్క గూడ గల్లీల తిరుగుతది. పొద్దుగాల పోయి టేపుతోని కొలిచి వచ్చిన."

"సోమవారం చూద్దాంలెండి."

సోమవారం ఆయన చూడలేదు.

గురువారం డ్రాయింగు షెడ్డుకు వెళ్లింది. కోత నడుమనే ఉంది. గడిలో చెకర్ సాబ్ పేరు అచ్చై ఉంది, పక్కన గురువారం తేదీ. అనగా, ప్రాణం పోయిన మూడు రోజులకు ఆయన విధులకు హాజరై, బతికుండగా నిరాకరించిన దానిని ఆమోదించారు. ఆయన సర్వీసులో ఇంతటి విధేయత ఇదే ప్రథమం.

మేనేజరు గారిని అడిగాను.

"టెంప్లేటులో ఆయన పేరే ఉంది కదండీ, అదే వచ్చేస్తుంది."

"ఆయన చనిపోయారు సార్."

"టెంప్లేటుకి తెలీదు కదండీ."

నాకు కోపం వచ్చిన సంగతి ఇందుమూలంగా నమోదు చేస్తున్నాను. దొంగ సంతకమైతే ఎవరో ఒకరు కూర్చుని పెట్టాలి. చెయ్యి వణకాలి. ఇక్కడ ఆపాటి శ్రమ కూడా ఎవరూ పడలేదు. రేపు ఆ వంతెన పిల్లల కింద కుంగితే దోషి పేరు గడిలో సిద్ధంగా ఉంటుంది, సంజాయిషీ అడగడానికి మనిషి ఉండడు. ఇంత సౌకర్యమైన ఉద్యోగి ఏ కార్యాలయానికి దొరుకుతాడు?

నేను షెడ్డుకు చేరేసరికి పలకలు కోసే కట్టర్ భాయ్ మా పలక నడుమ సుద్దతో గీత కొట్టి, గ్యాస్ టార్చి వెలిగించి ఉన్నాడు. అతనికి పని నేర్పింది చెకర్ సాబే. డ్రాయింగు గడి మీద వేలు పెట్టాను. అతను తేదీ చదివాడు. మళ్లీ చదివాడు.

"సోమారం పురానాపూల్ శ్మశానం దాంక నేను గూడ భుజం పెట్టిన గదా భాయ్. గురువారం సంతకం ఎట్ల పెట్టిండు? ఊపర్ సే భేజే క్యా, పైనుంచి పంపిండా?"

"ఆఫీసోళ్లు అచ్చేసిన్రు."

"సాబ్ ఏమన్నడు దీనికి?"

"నడుమ వద్దన్నడు."

అతను టార్చి ఆర్పేశాడు. "గట్లయితే నేను కొయ్య. గడి ఖాళీ ఉన్నదని చెప్పు మీ సార్‌కు."

అనుమతి లేకుండా షెడ్డును సందర్శించి కోతకు అంతరాయం కలిగించినందుకు నాకు మెమో అందింది. అభియోగం వాస్తవం. మూడోవంతు దగ్గర విడగొట్టి రెండు డ్రాయింగులు పంపాను. వాటి గడులు ఖాళీగానే ఉన్నాయి. అక్కడ సంతకం పెట్టే మనిషిని సంస్థ ఇంకా నియమించలేదు.

నిన్న మళ్లీ షెడ్డుకు వెళ్లాను. సంతకం కోసం ఆగిన పలక నేల మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్కటిగా పడి ఉంది. నడిమి గీతను ఎవరో తడిగుడ్డతో తుడిచేశారు. దాని మందం అంగుళం కూడా లేదు, ఒక్క అడుగేస్తే అవతలికి దాటవచ్చు. అయినా పనివాళ్లు, పడుకున్న మనిషిని దాటకూడదన్నట్టు, సిలిండర్లు మోస్తూ, చాయ్ గ్లాసులు పట్టుకుని, పన్నెండు మీటర్లూ చుట్టి వెళ్తున్నారు.