వదిలేశారు, ఎవరిని?

మా ఆయన నన్ను వదిలేసి వెళ్ళిపోయాక, టీచరు ఉద్యోగం పరీక్ష రాద్దామని ఏలూరులో కోచింగ్‌కి చేరాను. కొల్లేటికోట నుంచి రోజూ వచ్చిపోయేదాన్ని. చేరిన రోజు ఇంగ్లీషు సారు, ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ చదువేంటమ్మా అని మెత్తగా అడిగారు. దాచుకోవడం ఎందుకులే అని ఉన్నది చెప్పేశాను. ఆయన అయ్యో అన్నారు కూడా.

ట్రాన్సిటివ్ వెర్బులు చెప్పిన రోజు హాలు నిండా జనం. చేసే పని ఎవరి మీదో, దేని మీదో పడితే ఆ క్రియ ట్రాన్సిటివ్, పడ్డవాళ్ళు ఆబ్జెక్ట్ అని చెప్పారు సారు. ఈట్ చెప్పారు, క్యాచ్ చెప్పారు. లీవ్ దగ్గరికొచ్చేసరికి నావైపు చూసి లేచి నిలబడమన్నారు.

"హీ లెఫ్ట్ అంటే వెళ్ళిపోయాడు. అంతే, ఆబ్జెక్ట్ లేదు. మీ ఆయన ఊరికే వెళ్ళిపోయారా అమ్మా, ఎవరినైనా వదిలేసి వెళ్ళారా?"

అర్థం కావడానికి నాకు కాస్త సేపు పట్టింది. నన్నేనండి అన్నాను. ఇంగ్లీషులో చెప్పమన్నారు, అదీ పూర్తి వాక్యంలో. చెప్పాను. వెనక బెంచీలకి వినపడలేదని మళ్ళీ చెప్పించారు.

"మై హస్బెండ్ లెఫ్ట్ మీ."

"వెరీ గుడ్. ఆ చివరి మాటే ఆబ్జెక్ట్. తెలుగులో ఏమంటామండీ దాన్ని? కర్మ. ఈవిడ కర్మ."

హాలంతా నవ్వింది. రోజూ నా క్యారేజీలో చేపల పులుసు పంచుకు తినే అమ్మాయి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది గానీ, భుజాలు ఊగుతూనే ఉన్నాయి. తర్వాత అదే వాక్యాన్ని పాసివ్‌లోకి మార్చమన్నారు. మార్చాను. అందరూ రాసుకున్నారు.

ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను. రొయ్యలు ఒలుస్తూ విని, తల ఎత్తకుండా, "లేనిదేం అన్నారే ఆయన?" అంది.

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. మెట్ల మీద కూర్చున్నవాళ్ళు ఎంతో మర్యాదగా పక్కకి జరిగి, రండి ఆబ్జెక్ట్ గారూ అన్నారు. కోర్సు అయ్యేదాకా ఆ పేరే ఉండిపోయింది.

గవర్నమెంటు ఉద్యోగం రాలేదు. ఇప్పుడు గణపవరం దగ్గర చిన్న ప్రైవేటు స్కూల్లో చెబుతున్నాను. మా ఆయన కువైట్‌లో ఉన్నారని అక్కడ అందరికీ చెప్పాను. క్రిస్మస్‌కి వస్తారా అని అడుగుతున్నారు. సెలవు దొరకదటండి అంటున్నాను.