తువ్వాల కింది బేరం

ఎవరి వివరాలూ అడగని లినక్స్ ఫోన్లకే యాప్‌లు ఎందుకు రాస్తున్నావని అడిగితే, ఇంతవరకూ ఎవరికీ నిజం చెప్పలేదు.

ఈ పని మొదలుపెట్టకముందు ఓసారి బోధన్ బస్సులో నా పక్కన కూర్చున్న వర్ని ఊరి రైతు తన ఫోన్ చూపించాడు.

"వడ్ల ధర సూద్దామంటే ఫోన్ల ఉన్న నంబర్లన్నీ అడిగింది తమ్మీ. ఇయ్యకుంటే ధర సూపియ్యది. ఇచ్చిన. గిప్పుడు నా బిడ్డకు ఎవలెవలో ఫోన్లు జేస్తున్నరు."

ఆ యాప్ చూడగానే కిటికీ వైపు తిరిగాను.

ఆయన భుజం మీది తువ్వాల తీసి ఫోన్ మీద కప్పాడు.

"అంగట్ల ఎడ్ల బేరం గిట్ల తువ్వాల కింద చేతి ఏళ్లు వట్టి జేస్తం. పక్కోనికి ధర గూడ తెల్వది. గిది జేసినోనికి సిగ్గు లేదా?"

"సిగ్గు లేనోడే అన్నా," అని నేనూ తిట్టాను.

నంబర్లు అడిగే ఆ పేజీ రాసింది నేనే.