మంత్రిగారు రాయని చీటీ

సహోదరులారా, నా కూతురు రూతును మీలో కొందరు సినిమాలో చూసే ఉంటారు, హీరోయిన్ ఒడిలో హాయిగా నిద్రపోతున్న పసిపాప అది. ఆ నిద్రకు కారణం నేను పట్టిన మందు.

మాది షేక్‌పేట. ఫిలింనగర్ షూటింగులకు పసిపిల్లలు కావాలంటే ఏజెంటు మా గల్లీకే ఫోన్ చేసేవాడు, ఏడవని పాపకే మళ్లీ పిలుపు వచ్చేది, అందుకని లైట్ల కింద కదలకుండా ఉండాలని షాట్‌కు ముందు జలుబు మందు పట్టేదాన్ని, తోటి తల్లులూ అదే చేసేవాళ్లు గనుక నాకు తప్పనిపించలేదు. ఒకరోజు షాట్ అయిపోయినా పాప లేవలేదు. ఆసుపత్రిలో ప్రాణం దక్కింది గానీ, డాక్టరు ఫిర్యాదు చేయడంతో అధికారులు పాపను ప్రభుత్వ శిశుగృహానికి తీసుకెళ్లారు. అందరికీ నేను ఒకటే చెప్పాను, పాపకు జలుబు చేసింది, మందు కొంచెం ఎక్కువైంది అని.

శిశు సంక్షేమ శాఖ మంత్రిగారు జూబ్లీహిల్స్ ఇంట్లో పొద్దున్నే అర్జీలు తీసుకుంటారు, ఆయన ఒక్క చీటీ రాస్తే పాప ఇంటికొస్తుందని ఏజెంటు చెప్పాడు. "ప్రభువా, ఆ మంత్రి మనసు కరిగించు" అని మూడు రోజులు ఉపవాసముండి వెళ్లాను.

ఆయన నా అర్జీ చదివి, "చీటీ రాయను బిడ్డా. ఇయ్యాల నీకు రాస్తే, రేపు పిల్లను కొట్టినోనికి గూడ రాయాలె. గదంత శిశు సంక్షేమ కమిటీ చూసుకుంటది. నీ ఇల్లు జల్ది చూడమని ఆఫీసర్లకు మాత్రం చెప్త. జలుబు అని రాసినవ్, నిజమేనా?" అన్నారు.

నాకు ఒళ్లు మండింది, దేవుని మీద కూడా కోపం వచ్చింది, అయినా నోరు తెరిస్తే అబద్ధం రాలేదు సహోదరులారా.

"జలుబు లేదు సార్. పండుకోవాలని నేనే పట్టిచ్చిన."

నా వెనక వరుసలో ఉన్నవాళ్లంతా విన్నారు.

"గీ మాటనే కమిటీ ముంగట చెప్పు" అన్నారు ఆయన.

చెప్పాను. పాప ఆ రోజు రాలేదు, ఆ నెలలోనూ రాలేదు. షూటింగులు మానేసి మోతీనగర్‌లో వంటపనికి కుదిరాను, అధికారులు ఇంటికొచ్చి చూసి వెళ్లారు, మళ్లీ వచ్చారు, మన సంఘపు అక్కలు నాతో కూర్చుని ప్రార్థించారు, చివరికి రూతును నా చేతుల్లో పెట్టారు. ఆ చీటీ దొరికి ఉంటే నేను మర్నాడే మళ్లీ సీసా మూత తీసేదాన్ని, నా సంగతి నాకు తెలుసు. అడిగింది ఇవ్వకుండానే నన్ను విడిపించిన దేవునికే మహిమ. మీరూ దాచుకున్నది ఏదైనా ఉంటే ఆయన ముందు చెప్పేయండి, ఆయన మిమ్మల్ని తోసివేయడు.

వెనక ఏడుస్తున్నది నా రూతే. బయటికి తీసుకెళ్లకు అక్కా, ఏడవనివ్వు.