పత్తిని కొయ్యరు

కవి సమ్మేళనంలో చదవమని నాకు పిలుపు రావడం యాభై రెండేళ్లలో అదే మొదటిసారి. సభ అమరావతిలో. నల్లపాడులో ఇల్లు కదలక ముందే నా కాళ్లు నేల మీద లేవు. పదింటికి సభ అయితే, ఆరింటికే తయారై మంగళగిరి చీర కట్టుకుని ఆటో కోసం వీధి చివర నిలబడ్డాను. పెళ్లినాడు కూడా ఇంత హడావిడి పడలేదని మా ఆయన దెప్పారు.

గుంటూరు బస్టాండులో అమరావతి బస్సు కిటకిటలాడుతోంది. ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్ తీసుకున్నాను. ఆడవాళ్లకు బస్సు ఉచితమైన దగ్గర్నుంచీ ఇదే వరస. వెనక నిలబడ్డ ఒకాయన, పనీ పాటా లేనివాళ్లంతా ఊళ్లు తిరుగుతున్నారని గొణిగాడు. నేను ఊరుకునే రకం కాదు. పని ఉన్నవాళ్లు కూడా ఇన్నాళ్లూ చార్జీ లేక ఇళ్లల్లో ఆగిపోయారండీ అని వెనక్కి తిరిగి మరీ చెప్పాను. ఆయన ఫోన్లోకి తల దూర్చాడు. నాకు మహా సంతోషం వేసింది.

పక్క సీట్లో ఆవిడ నవ్వింది. నా ఈడుదే. ప్రకాశం వైపు నుంచి మిరప కోతలకు వచ్చిన ఆడవాళ్ల గుంపులో మనిషి. మూటలూ గిన్నెలూ నడవలో పెట్టుకున్నారు. తమ ఊళ్లో వానల్లేవని, తాడికొండ అవతల నెలన్నర పని దొరుకుతుందని చెప్పి, నేనెక్కడికని అడిగింది. ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాను. కవిత చదవడానికని చెప్పి, ఆగలేక కాగితం తీసి, బస్సు మోతకు గొంతు పెంచి మొత్తం చదివేశాను.

కవిత పేరు ‘పత్తి కోత’. పత్తి చేలో కూలి చేసే తల్లి గురించి. ఆ పేరు ఆహ్వాన పత్రికలో అచ్చయింది కూడా. ఆఖరి పంక్తి మీద నాకు ప్రాణం: ‘చేలో పత్తి కోత, లోపల కడుపుకోత’. ఆ శ్లేష కుదిరిన రోజు వంటింట్లో ఒక్కదాన్నే గంతులేశాను. చప్పట్లన్నీ దానికేనని నా నమ్మకం.

ఆవిడ శ్రద్ధగా వింది.

“పత్తిని కొయ్యరమ్మా, తీస్తారు. మిరపకాయలు కోస్తారు.”

పాతికేళ్లుగా పిల్లలకు తెలుగు చెబుతున్నాను. పుట్టింది గుంటూరులో. కానీ చేలన్నీ రైలు కిటికీలోంచి చూసినవే. పత్తి తీత అనే మాట విననిదేం కాదు, విని కూడా పట్టించుకోనిది. రెండూ ఒకటేగా అని బుకాయించబోయాను.

కాదంది. మిరపకాయను తొడిమ దగ్గర గోటితో తుంచాలట. పత్తి అలా కాదు. పగిలిన కాయ చెట్టుకే ఉండాలి, వేళ్లకు దూది ఒక్కటే రావాలి, ఎండుటాకు అంటుకోకూడదు. “పిల్లోడి కంట్లో నలుసు తీస్తామే, అట్టా తియ్యాల,” అని గాల్లో వేళ్లు కదిపి చూపించింది. నాకు ఒళ్లు ఝల్లుమంది.

ఆవిడ అంతటితో వదల్లేదు. “ఆ కడుపుకోత ఏందమ్మా? మా పిల్లలిద్దరూ శుభ్రంగా ఉండారు. పిల్లోడు ఐటీఐ, పిల్ల ఇంటరు.”

సిగ్గుతో చచ్చాను. బిడ్డను పోగొట్టుకున్న తల్లి గురించి అనే మాటను, శ్లేష కుదిరింది కదా అని లక్షణంగా ఉన్న మనిషికి అంటగట్టాను. ముందు సీటావిడ కూడా వెనక్కి తిరిగి నన్నోసారి ఎగాదిగా చూసింది.

బస్సులో అప్పుడే రాజధాని మీద వాదన మొదలైంది. మామూలుగా అయితే అందులో నా గొంతే పైన ఉండేది. ఆ రోజు మాత్రం పెన్ను తీశాను. కోత అన్న చోటల్లా కొట్టేసి తీత అని రాస్తూ పోయాను. రెండూ రెండక్షరాలే, లయ ఎక్కడా తప్పలేదు. ఆఖరి పంక్తి దగ్గర పెన్ను ఆగింది. తీత అంటే శ్లేష పోతుంది, శ్లేష పోతే చప్పట్లు పోతాయి. అబద్ధమైతేనేం, బాగుంది కదా అని మనసు పీకింది.

ఈలోగా వాళ్లు దిగాల్సిన ఊరొచ్చింది. బాగా చదవమని చెప్పి, మూట నెత్తికెత్తుకుని ఆవిడ దిగిపోయింది. రోడ్డుకు రెండు వైపులా కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. ఆ ఘాటుకు బస్సంతా తుమ్ములు. ముక్కు తుడుచుకుంటూనే నా ముద్దుల పంక్తిని కొట్టేశాను. దాని చోట ‘బిడ్డ కంట్లో నలుసు తీసినట్టు’ అని రాశాను.

సభాధ్యక్షుడు పత్రిక చూసి ‘పత్తి కోత’ అని నన్ను పిలిచారు. పత్తి తీత అండీ, తప్పు నాదే అంటూ మొదలుపెట్టాను. ఆఖరి పంక్తి చదవగానే, ముందు వరసలోని ఒక రైతు పెద్దాయన ‘మళ్లీ’ అన్నాడు. మళ్లీ చదివాను. హాలంతా చప్పట్లు! అంత ఆనందం నేనెన్నడూ ఎరగను, ఏడుపొచ్చేసింది. ఈ మాట నాది కాదని, పొద్దున బస్సులో నా పక్కన కూర్చున్న మిరప కూలీ మనిషిదని మైకులోనే చెప్పేశాను. చప్పట్లు ఇంకా పెరిగాయి.

అధ్యక్షుడు ముచ్చటపడి మైకు అందుకున్నారు.

“ఆవిడ పేరు చెప్పండమ్మా, సభ తరఫున అభినందిద్దాం.”

నోరు తెరిచాను. దారి పొడుగునా ఆవిడకు నా కవితే వినిపించాను.

“అడగలేదండీ,” అన్నాను.