గీత ఒంగిన చోటు

మా డ్రాయింగ్ సారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను పావగడలో నా ప్రింటింగ్ షాపులో కూర్చుని ఎవరిదో పెళ్లిపత్రికలో అచ్చుతప్పులు దిద్దుతున్నాను. దిద్దడం ఆపలేదు. వరుడి ఇంటిపేరు సరిచేసి, ముహూర్తం సరిచేసి, అప్పుడు లేచి షట్టర్ దించాను. సారు ఊరికి వెళ్లే దారంతా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. సారు ఇచ్చిన పని ఒకటి మూడు నెలలుగా నా డ్రాయరులో పడి ఉంది మరి.

ఆ పనేమిటో చెప్పాలంటే ముందు ఆయన కెమెరా సంగతి చెప్పాలి. ఎనభైల చివర్లో, వానలు మొహం చాటేసి వేరుశనగ ఏటికేడు ఎండిపోతున్న రోజుల్లో, సారు మా ఊరు అరసికెరెలో మాకు బొమ్మలు నేర్పేవారు. గడియారాలు బాగుచేసే ఆయన పక్కన కూర్చుని, పాత కెమెరా ఒకటి విప్పి, తనే ఒక వింత కెమెరా తయారుచేశారు. స్టాండు మీద పలక, పలక మీద కెమెరా. చేత్తో మెల్లగా తిప్పితే అది తిరుగుతుంది, లోపల రీలూ జరుగుతుంది. ఊరు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే పొడుగు ఫోటోలో వచ్చేస్తుంది. మేస్త్రీలు వాడే రసమట్టం పలక మీద పెట్టి, బుడగ నడిమికి వచ్చేదాకా వదిలేవారు కాదు. తిప్పినంతసేపూ పలకను అరచేత్తో అదిమి, ఊపిరి బిగబట్టేవారు. చెయ్యి ఏమాత్రం సడలినా నేలా ఆకాశమూ కలిసే గీత అలలాగా వంకరపోతుంది.

ఆ ఊపిరి బిగబట్టడమే నాకు చేతకాలేదు. గీత సగంలో ఉండగానే కిటికీలోంచి బయటికి చూసేదాన్ని.

"నీకు కుదురు లేదు పాపా. గీత అయ్యేదాకా ఊపిరి తీయాకు. ఊపిరి యాడికీ పోదు," అనేవారు.

నేను మూతి ముడుచుకునేదాన్ని. అయినా సారు ఏనాడూ నా బొమ్మ మీద చెయ్యి పెట్టి దిద్దలేదు. ఇంకో కాగితం ఇచ్చేవారు, అంతే. ఈ రోజు నా నాలుగు వేళ్లు నోట్లోకి పోతున్నాయంటే ఆ కాగితాల చలవే.

మొన్న ఎండాకాలంలో ఒక డబ్బాలో రీలు పెట్టుకుని షాపుకు వచ్చారు. కరువు పనిలో రోడ్డుకు మట్టి మోస్తున్న జనం ఫోటో అది. స్కాన్ చేస్తే అంతా బాగానే ఉంది కానీ, నడిమిన గీత గుంతలో పడినట్టు దిగి మళ్లీ లేచింది. సారు తీసిన ఫోటోల్లో అట్లాంటి వంకర నేనెప్పుడూ చూడలేదు.

"ఇదేంది సార్, మీ చెయ్యి గూడా వణికినాదా?" అని ఆటపట్టించాను.

"గాలి తోసినాది," అన్నారు నా మొహం చూడకుండా. "నేరుగా చేసియ్యి పాపా. నేనుండంగానే చూడాల."

రేపు, ఎల్లుండి అంటూ తోసేశాను. ఆయన రెండుసార్లు వచ్చారు. ఒక్క మాట అనకుండా టీ తాగి వెళ్లిపోయారు. అది తలచుకుంటే ఇప్పటికీ ఒకచోట కూర్చోలేను. లేచి తిరుగుతాను.

పదకొండో రోజుకు ఆ ఫోటో గోడకు పెట్టాలని సారు భార్య కబురు చేసింది. ఆమెను మేం పెద్దమ్మ అంటాం. కంప్యూటర్లో ఫోటోను నిలువు ముక్కలుగా చేసి, ఒంగిన చోట ఒక్కో ముక్కనూ పైకి జరిపాను. గీత నేరుగా వచ్చింది. కానీ జరిపిన ముక్కల కింద ఖాళీ మిగిలింది. అది పోవాలంటే ఫోటో అడుగుభాగం పొడుగునా కత్తిరించాలి. కత్తిరిస్తే సరిగ్గా గీత ఒంగడం మొదలైన చోట నిలబడ్డ ఒక ముసలామె పాదాలు పోతున్నాయి. ఆమె తట్ట దించి, కెమెరా వైపే చూస్తూ ఏదో అంటోంది. ఆ ముక్క పెద్దగా అచ్చు తీసుకుని అరసికెరెకు పరుగెత్తాను.

"మా అత్త గదా!" అంది పెద్దమ్మ చూడగానే. "ఆ ఏడు శెనక్కాయ పూర్తిగా పోయినాది. కొడుక్కి తెలిస్తే వద్దంటాడని చెప్పకుండా కరువు పనికి పోయినాది. ఫోటో తీసేదానికి పోయి, ఆడ చూసినాడు మీ సారు."

"ఏమంటా ఉండాది పెద్దమ్మా?"

"'సద్ది తిన్నావేంరా?' అని అడిగినాదంట. ఈయప్ప 'తింటినమ్మా' అన్నాడంట. ఆ మాటకే చెయ్యి సడిలినాదని నాకొకదానికే చెప్పినాడు. 'అమ్మను అడగాల్సింది నేను గదా, అమ్మే నన్ను అడిగినాదే' అని ఎన్నేండ్లు కుమిలినాడో."

బతికుండగా చేసివ్వనిదాన్ని, ఇప్పుడూ ఆయన మాట తప్పితే నేనేం మనిషిని? మాట నిలబెడితే ఆ తల్లి పాదాలు పోతాయి.

"సారు చెప్పినట్టు చేసేదా, ఉన్నట్టే ఇచ్చేదా? నువ్వే చెప్పు పెద్దమ్మా," అని ఏడ్చేశాను.

"ఆయప్ప సిగ్గుపడి అడిగినాడు. ఆ సిగ్గు ఆయనతోనే పోనీ. ఉన్నట్టే ఇయ్యి పాపా."

ఇచ్చాను. సారు అడిగింది చేయలేదన్న ముల్లు మాత్రం నాలో ఉంది. అది ఉండనీ అనే అనుకుంటున్నాను.

పదకొండో రోజు చుట్టాలంతా భోజనాలకు కూర్చున్నాక, పెద్దమ్మ ఒక్కతే ఆ పొడుగు ఫోటో ముందు నిలబడి ఉంది. చూపుడువేలు గీత మీద పెట్టి ఎడమ నుంచి కుడికి మెల్లగా జరుపుతోంది. గీత దిగిన చోట వేలు కూడా దిగి, అక్కడే ఆగిపోయింది. లోపలినుంచి వడ్డించేవాళ్లు "తిందువు రామ్మా" అని పిలిచారు.

"తింటాలేప్పా," అంది పెద్దమ్మ. వేలు మాత్రం తీయలేదు.